శిథిలాల దగ్గర విప్పిన బెల్టు

నేను ఒక కుక్క బెల్టుని. గేదె తోలుతో కుట్టి ఇత్తడి బకిల్ పెట్టారు. మొదట ఒక కాంట్రాక్టరు గారి కుక్క మెడలో ఉన్నాను. అది పాలవాణ్ణి కరిచింది, పోస్ట్‌మ్యాన్‌ని కరిచింది. ఒక్కడైనా రాయి తీస్తే ఒట్టు! నన్ను చూసి "అయ్యగారి కుక్క" అంటూ పక్కకు తప్పుకునేవారు. కరవడం తప్ప ఏ పనీ రాని దానికి దక్కిన ఆ మర్యాద చూసి నాకూ కాస్త పొగరెక్కింది.

అది ముసలిదై చచ్చాక నన్ను పక్కింటి బ్యూలా టీచర్‌కు ఇచ్చేశారు. ఆమె బడిలో ఆటలు నేర్పేది. కూలిన ఇళ్ల కింద బతికున్న మనుషుల్ని వాసన పట్టడం తన కుక్క జీరాకు నేర్పింది. బతికున్న మనిషి జాడ తగిలితే జీరా అక్కడే నిలబడి మొరుగుతుంది. శవాల జోలికి పోదు. ఇద్దరికీ జీతం లేదు, యూనిఫాం లేదు. ఎక్కడైనా ఇల్లు కూలిందంటే తామే వెళ్లేవారు.

లోపలికి పంపేముందు టీచర్ జీరా మెడ నుంచి నన్ను విప్పేస్తుంది. ఇనుప చువ్వకు నేను చిక్కుకుంటే కుక్కకు ఉరి పడుతుంది మరి. ఈ పని చేసేవాళ్ల పద్ధతే అది.

మొన్నటి వానలకు మా ఊరి బైపాస్ దగ్గర, కూలీలు కాపురముంటున్న సగం కట్టిన లాడ్జి కూలింది. టీచర్ నన్ను విప్పి చేతికి చుట్టుకుంది. జీరా లోపలికి దూరి ఒక స్లాబు ముక్క మీద నిలబడి మొరగసాగింది. "ఉన్నరు, బతికున్నరు!" అని అరుస్తూ టీచర్ ఎస్సైని పిలవడానికి పరుగెత్తింది. అదే కొంప ముంచింది. ఆ తర్వాతి సంగతి జనం చెప్పుకుంటుంటే విన్నాను.

శవాల్ని కుక్కలు పీకకుండా కాపలా కాస్తున్నవాడు సాయిలు. అతని తమ్ముడు ఎల్లేశు, తమ్ముడి కూతురు ఆ శిథిలాల కిందే ఉన్నారు పాపం. "పీనుగుల కోసమొచ్చింది, కొట్టుండ్రి!" అన్నాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, నలుగురు చువ్వలు పట్టుకుని ఉరికారు. జీరా పారిపోలేదు. మనిషి వచ్చేదాకా చోటు వదలకూడదని నేర్పారు కదా, దెబ్బ పడ్డాక కూడా మొరిగింది. ఛీ, ఎంత మంచి చదువు నేర్పారు!

"నా జీరాను చంపిన్రు సార్! కేసు రాయండి!" తిరిగొచ్చిన టీచర్ గొంతు చించుకుంది.

ఎస్సై తల గోక్కున్నాడు. "పోలీసు కుక్కయితే సర్కారు మనిషిని కొట్టినట్టే రాస్తుంటి మేడమ్. మీరు మీ ఇష్టంతోని వచ్చిన్రు. ఏ రూలూ మీకు వర్తించదు. చూసెటోనికి అది వీధికుక్కనే."

"బెల్టు ఇదిగో!"

"అది కుక్క మెడకుండాలె గని, మీ చేతిలుంటె ఏం లాభం?"

ఇప్పుడు టీచర్ ఇంట్లో మేకుకు వేలాడుతున్నా ఆ మాటకు నా కడుపు మండుతూనే ఉంటుంది. కరిచే కుక్కను కాపాడాను, దీన్ని కాపాడలేకపోయాను.

ఆ రోజు జీరా నిలబడ్డ చోటే తవ్వమంది టీచర్. సాయిలే మొదటి గడ్డపార వేశాడు. ఎల్లేశు ప్రాణంతో బయటికొచ్చాడు. సాయిలు వాటేసుకుని ఏడుస్తుంటే అతనన్నాడు: "అన్నా, ఆ కుక్క మొరుగుడు ఇనుకుంటనే పానం పట్టుకున్ననే. జల్ది దాన్ని మళ్ల పంపుండ్రి. నా బిడ్డ ఏడుందో తెలుస్తలేదు."

సాయిలు మళ్లీ గడ్డపార అందుకున్నాడు. తలో చోటా తవ్వారు. పాపను మర్నాడు సాయంత్రం తీశారు. ఆ ఉదయం దాకా బతికే ఉందన్నాడు డాక్టరు.