మామూలే అంటే మూడో నంబరు

“రాబోయే ఏడాదిలో ధరలు ఎలా ఉంటాయనుకుంటున్నారండీ?” పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఈ ఒక్క ప్రశ్న అడగడమే నా ఉద్యోగం. కేంద్ర బ్యాంకు పరిశోధన విభాగంలో, హెడ్‌సెట్ తగిలించుకుని, ముక్కూ మొహం తెలియనివాళ్ళకు ఫోన్లు చేస్తాను. పెరుగుతాయంటే ఒకటి నొక్కాలి, తగ్గుతాయంటే రెండు, మార్పుండదంటే మూడు. ఆ అంకెల్లోంచి జనం ఏమనుకుంటున్నారో తేల్చి బ్యాంకు బులెటిన్ వేస్తుంది. పేపర్లూ టీవీలూ దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ ఆ జనానికే చెబుతాయి.

చిక్కేమిటంటే, జనం అంకెల్లో మాట్లాడరు. “ఏముందమ్మా, మామూలే” అంటారు. మామూలే అంటే మూడు నొక్కమని మాకు శిక్షణలో చెప్పారు. మామూలంటే మార్పు లేనట్టే కదా అని ఏ మహానుభావుడికి తోచిందో. సంచీ పట్టుకుని ఒక్కసారి బజారుకెళ్ళినా తెలిసేది, మామూలే అంటే ఎప్పటిలాగే పెరుగుతాయని.

మా ఆయన ప్లాస్టిక్ పైపుల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఎక్కువగా రాత్రి షిఫ్టులే. మాకున్నది ఒకటే గది. పగలంతా కిటికీకి దుప్పటి కట్టి ఆయన అందులోనే నిద్రపోవాలి. పసిపిల్లను అక్కడ నోరెత్తకుండా ఎలా పెంచుతాం? అందుకే మా అమ్మాయి వేరే ఊళ్ళో మా అమ్మ దగ్గర పెరుగుతోంది. ఈసారి జీతాలు పెరిగితే ఖాళీగా ఉన్న పైవాటా తీసుకుని, బళ్ళు తెరిచేలోగా పిల్లను తెచ్చేసుకోవాలని అనుకున్నాం. ఇంటి యజమాని కూడా అప్పటిదాకా ఆగుతానన్నాడు.

ఫ్యాక్టరీలో జీతాల మాటలు జరిగిన రోజు మా ఆయన వచ్చి, బూట్లు విప్పకుండానే మంచం మీద కూర్చున్నాడు.

“మేనేజరు మీ బులెటిన్ చదివి వినిపించాడు” అన్నాడు.

“ఏమని?”

“ధరల్లో మార్పుండదని ఎక్కువమంది అనుకుంటున్నారట. దేశంలో ఎవరికీ లేని బెంగ మీకెందుకయ్యా అన్నాడు. పై ఏడాది చూద్దామన్నారు.” నవ్వాడు. “కంచే చేను మేసినట్టుందే మన పని.”

నాకు ఒళ్ళు మండాల్సింది. మండలేదు. అన్నం వడ్డించాను, ఇద్దరం తిన్నాం.

మర్నాడు మా ఆఫీసరు గదికి వెళ్ళాను. ఆయనకు మేం పెట్టుకున్న పేరు సగటుగారు. వాన పడుతోందండీ అన్నా “సగటున చూస్తే” అని అందుకుంటాడు. మామూలే సంగతి చెప్పాను.

“తెలుసమ్మా” అన్నాడు. బులెటిన్ తిప్పి పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాలు చూపించాడు. ‘మామూలే’ అన్న జవాబును మార్పు లేదు కింద లెక్కించాం అని ఉంది. “ఈ ఒక్క వాక్యం వేయించడానికి ఎంతమంది చుట్టూ తిరిగానో నాకే తెలుసు.”

“అసలు లెక్కే మార్చొచ్చు కదండీ?”

“ఇప్పుడు మారిస్తే పాత సర్వేలతో పోల్చడానికి ఉండదు. సగటున చూస్తే దీనివల్ల పెద్ద తేడా రాదమ్మా.”

“మా ఆయనకి జీతం పెరగలేదండీ” అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు? తిట్టాలన్నా నాలో ఓపిక లేదు. వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. మొదటి ఫోన్ ఎవరో పెద్దావిడకు కలిసింది. “ధరలకేమమ్మా, మామూలే” అంది. పెరుగుతాయనా అండీ అని అడగకూడదు, జవాబు మన నోటితో అందించకూడదన్నది నియమం. మాటలన్నీ రికార్డవుతుంటాయి కూడా. మూడు నొక్కి తర్వాతి నంబరుకు చేశాను.

నెలాఖరుకు పైవాటాలోకి ఎవరో దిగారు. మా నెత్తిమీద బీరువా ఈడుస్తున్న చప్పుడు. ఆ చప్పుడులోనే అమ్మకు ఫోన్ చేసి, ఈ ఏడు కుదరదన్నాను. అమ్మ “సరేలే, ఇక్కడి బళ్ళోనే వేసేస్తాను” అంది. పోట్లాడుతుందేమోనని చూశాను. పోట్లాడలేదు. ఫోన్ పిల్లకిచ్చింది.

పిల్ల ఏడుస్తుందని గుండె రాయి చేసుకుని ఉన్నాను.

“అమ్మా, మా ఇంట్లో పిల్లి పిల్లల్ని పెట్టింది. చూడ్డానికొస్తావా?” అంది హుషారుగా.

మన ఇంట్లో అనలేదు. మా ఇంట్లో అంది.

“వస్తావా, రావా?”

“వస్తానమ్మా.”

“వచ్చేముందు ఫోన్ చెయ్యి. మీకు పక్కలు వేసి ఉంచుతాం.”

అలాగేనన్నాను.