సున్నాకు దిగని ముల్లు

మైలవరంలోని చిన్న ఆసుపత్రిలో నర్సు శౌరమ్మకు కొత్త బీపీ మిషను మీద నమ్మకం పోయింది. గాలంతా వదిలేసినా దాని ముల్లు సున్నాకు దిగకుండా ఇరవై దగ్గరే ఆగిపోతోంది. ఆ మాట మూడుసార్లు చెప్పినా డాక్టరుగారు విసుక్కున్నారే గాని వినలేదు. "కొత్త మిషనమ్మా, నీ చూపులోనే తేడా!" అన్నారు.

ఒకరోజు బీపీ చూపించుకోడానికొచ్చే మాణిక్యమ్మ, "రెండు నెలల్నించీ చప్పిడి కూడే తింటన్నానండీ. అయినా బీపీ దిగలేదంటారేంటి?" అని ఏడ్చింది.

శౌరమ్మకు ఒళ్లు మండిపోయింది. బీరువాలోంచి పాత పాదరసం మిషను తీసి, మాణిక్యమ్మ చేతికి చుట్టిన పట్టీలోని గాలి రెండింటికీ ఒకేసారి అందేట్టు రబ్బరు గొట్టాలు కలిపింది. ఆమె పట్టుబట్టేసరికి డాక్టరుగారే స్టెతస్కోపు పెట్టి విన్నారు. నాడి చప్పుడు మొదలైనచోట ముల్లు నూటయాభై చూపిస్తే, పాదరసం నూటముప్పై చూపించింది.

"పాతదాంట్లో గాలి పాదరసాన్ని పైకి నెట్టాలండీ. దాని బరువు ఎప్పటికీ మారదు. ఈ కొత్తదాంట్లోనేమో పల్చటి రేకుడబ్బీ ఉబ్బితే ముల్లు తిరుగుద్ది. ఆ రేకు సాగిపోయిందండీ" అంది శౌరమ్మ.

డాక్టరుగారు స్టెతస్కోపు తీసి మెడలో వేసుకున్నారు. తర్వాత మాణిక్యమ్మ వంక చూడకుండానే, "కంపెనీకి పంపిద్దాం" అని లేచి వెళ్లిపోయారు.

"మరి నేను ఉప్పు తినొచ్చా?" అని మాణిక్యమ్మ అడిగితే, ఆ జవాబు కూడా శౌరమ్మే చెప్పాల్సివచ్చింది.