ముప్పయ్యో రోజు

రక్సౌల్‌లో నాది ఇనుపసామాన్ల దుకాణం. వంతెన అవతల నేపాల్. అక్కడి కలైయాలో మా అమ్మాయి కుముద్ అత్తవారిల్లు. మా బీహారు నంబరు బండిని అక్కడ ఉంచాలంటే వాళ్ల సుంకాల ఆఫీసు, భన్సార్ కిటికీలో రోజుకింత అని కట్టి చీటీ రాయించుకోవాలి. ఏడాదికి ముప్పై రోజులు మించి రాయరు.

పది రోజుల కిందట అల్లుడు అవధేశ్ బండి అడిగాడు. వాళ్లమ్మను మోకాళ్ల వైద్యానికి తిప్పాలన్నాడు. పది రోజులకు నా పేర చీటీ రాయించి, నేనే తోలుకెళ్లి వాళ్ల వాకిట్లో పెట్టి వచ్చాను. నిన్న ఇంకో ఐదు రోజులు కావాలని కబురు పంపాడు. నా లెక్కకు పద్దెనిమిది రోజులు మిగిలే ఉన్నాయి, సరేనన్నాను.

ఈ మధ్యాహ్నం చీటీ పొడిగించుకోవడానికి వెళ్తే భన్సార్ గుమాస్తా పాత చీటీలు తిరగేసి, నాకు ఇవాళే ఆఖరన్నాడు. వైశాఖంలో వాళ్ల కొత్త సంవత్సరం వచ్చింది, నా పద్దులూ ఆ రోజుల్లోనే మారతాయి, ముప్పై రోజులూ మళ్లీ మొదలయ్యాయనుకున్నాను. సర్కారు ఏడాది మారేది శ్రావణంలోనట. వైశాఖానికి ముందు వాడినవి పద్దెనిమిది, తర్వాతవి పన్నెండు. సాయంత్రం ఏడులోపు బండి సరిహద్దు గేటు దాటకపోతే రేపు జప్తు చేస్తారు. చీటీ బతికున్నంతకాలం స్టీరింగు ఎవరి చేతిలో ఉందని అడగనివాళ్లు అప్పుడు అదీ అడుగుతారు.

టెంపో పట్టుకుని కలైయా చేరేసరికి మూడు దాటింది. బండి వాకిట్లోనే ఉంది. అవధేశ్ అద్దాలు తుడుస్తున్నాడు. రేపు తెల్లవారుతూనే అమ్మను జనక్‌పూర్ తీసుకెళ్తానని, పెట్రోలు కూడా పోయించానని సంతోషంగా చెప్పాడు. అల్లుడి చేతికిచ్చింది వెనక్కి అడిగితే, ఆ మాట వాళ్లు నన్ననరు, మా అమ్మాయిని అంటారు. ఒక్కరోజు కాదు, ఏళ్ల తరబడి. టైర్లు చూశాను. డిక్కీ తెరిచి మూశాను. గడియారం నాలుగు దాటింది.

బోరింగు దగ్గర గిన్నెలు కడుగుతున్న కుముద్ పిలిచింది.

"ఏంటి నాన్నా, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు?"

చెప్పాను. చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఆలోచించింది.

"ఆయన్నడగకు, మొహం మాడ్చుకుంటారు. అత్తయ్యనడుగు. ఆవిడకి బేరమంటే ఇష్టం."

వియ్యపురాలు దులారీదేవి వసారాలో కాళ్లు చాపుకుని కూర్చుంది. మా వైపు వియ్యపురాళ్లతో పరాచికాలు ఆడొచ్చు. ఆ ధైర్యంతోనే మొదలుపెట్టాను.

"వదినగారూ, ఈ బండికి మీ దేశంలో ఆయుష్షు ఇవాళ ఏడింటి దాకే. రేపు జనక్‌పూర్ దారిలో దాన్ని పట్టుకుంటే మీ అబ్బాయినీ కూర్చోబెడతారు."

"ఇంకో ఐదు రోజులకిచ్చావనుకున్నాం. లెక్కలు రాని షావుకారువా బావా నువ్వు?"

"ఈ ఒక్కసారికి రాలేదు."

ఆవిడ కొడుకును పిలిచి తాళం తన చేతిలోకి తీసుకుంది. నాకివ్వలేదు. కోడలితో ఏదో చెప్పింది. కుముద్ లోపలికెళ్లి ఇత్తడి లోటాతో నీళ్లు తెచ్చి, నా ముందు నిలబడి తల దించుకుంది.

ఆడపిల్లనిచ్చిన ఇంట్లో మేం మంచినీళ్లు ముట్టం. మా నాన్న ముట్టలేదు, తాత ముట్టలేదు.

"నాలుగేళ్లుగా మా గడపలోంచి దాహంతోనే వెళ్తున్నావు. మా నీళ్లలో విషముందని ఊరనుకుంటోంది. తాగు, తాళం తీసుకో."

"వేరే ఏదైనా అడగండి. మీ వసారాకు రేకులు వేయిస్తాను."

"రేకులు బజార్లో దొరుకుతాయి."

గేటున్న బీర్‌గంజ్ దాకా ముప్పావుగంట. అక్కడ లారీల వరస ఎంతుంటుందో చెప్పలేం. లోటా అందుకున్నాను. రెండు గుక్కలు తాగి ఆపబోతే ఆవిడ చూపు తిప్పలేదు. మొత్తం తాగేశాను. చల్లగా ఉన్నాయి. కుముద్ ఖాళీ లోటా అందుకుని, నా వైపు చూడకుండా గబగబా లోపలికెళ్లిపోయింది. అది ఏడుపో నవ్వో తెలియలేదు.

లారీల వెనక గంటన్నర పాకాను. ఆరూ యాభైకి గుమాస్తా చీటీ మీద ముద్రకొట్టి, శ్రావణం దాకా ఈ బండితో కనిపించొద్దన్నాడు.

బండి దక్కింది. మా ఆవిడకు చెప్పడానికి అదొక్కటీ చాలు. నీళ్ల సంగతి కూడా చెప్పాలా వద్దా అన్నది మాత్రం వంతెన దిగాక కూడా తేలలేదు. ఇంటి సందులోకి తిరక్కుండా బజారు చుట్టూ ఇంకో చుట్టు తిప్పాను.