తోమా వాళ్ళ అక్క

తోమా సంచుల్లోకి మేత ఎత్తుతున్నాడు. తవుడూ వేరుశనగ చెక్కపొడీ మోచేతుల దాకా అంటుకున్నాయి. అడుగున చిల్లులు పొడిచిన ఆ సంచులను పడవలో వేసుకువెళ్ళి, చెరువులో పాతిన కర్రలకు కట్టి రావాలి. చేపలు పొడుచుకు తింటాయి. కొల్లేటి పక్కన ఈ చెరువుకి కాపలా కుదిరిన నాటి నుంచీ అతని ఉదయాలన్నీ ఇవే.

గట్టు మీది రేకుల గదిలో వెంకటనరసమ్మ పొయ్యి ముందు ఆయాసపడుతోంది. చేపల పులుసు దించి, కాసేపు ఆగి, మూత పెట్టింది. గుండెలో వాల్వు పాడైందనీ, ఆపరేషన్ తప్పదనీ ఏలూరులో డాక్టరు చెప్పాడు. ఆరోగ్య కార్డులో పేరుంటే ఖర్చు ప్రభుత్వానిది. ఆమె పేరు ఏ కార్డులోనూ లేదు.

కాపలాకి వచ్చిన రోజున చెరువు ఆసామి పాండురంగారావు "ఆవిడెవరు?" అని అడిగాడు. మొగుడు వదిలేసిన మనిషి, పెళ్ళి లేకుండా తనతో వచ్చేసిన మనిషి. ఆ మాట చెప్పడానికి తోమాకి నోరు రాలేదు. "మా అక్కండి" అన్నాడు. ఊరంతా అదే నమ్మింది. నలుగురిలో ఆమె కూడా "తమ్ముడూ" అనే పిలిచేది. వాళ్ళు గట్టు దిగగానే నవ్వేది.

"అక్కకి తలంటి జడేసే తమ్ముడు ఈ కొల్లేట్లో నువ్వొక్కడివేనయ్యా."

మధ్యాహ్నం తోమా అన్నానికి కూర్చున్నప్పుడు గ్రామ సచివాలయంలో పనిచేసే హెప్సిబా వచ్చింది.

"లేవకండి బాబాయ్ గారూ, తినండి. ఈవిడ పేరు మీ కార్డులోకి ఎక్కించమన్నారు కదండీ. మీకేమవుతారు?"

తోమా తలెత్తలేదు. "అక్కండి."

"అక్కయితే మీ కార్డులోకి రారండి. భార్యయితే వస్తారు. పెళ్ళి కాకపోయినా, కలిసుంటున్నామని మీరు చెబితే అలాగే రాసి పైకి పంపుతాను. ఆపైన నా చేతుల్లో లేదండి."

ఆ అమ్మాయి ఎదురుచూసింది. తోమా మెతుకులు కంచం అంచుకి నెడుతూ కూర్చున్నాడు.

"పోన్లేమ్మా. ఎండనపడి వచ్చావు, కాసిని మజ్జిగ తాగు" అంది నరసమ్మ.

హెప్సిబా మజ్జిగ తాగి, గట్టు మీద నడుచుకుంటూ వెళ్ళింది.

నరసమ్మ తోమా పక్కన కూర్చుని, రోజూలాగే అతని కంచంలోని చేప ముక్కకు ముళ్ళు తీయసాగింది. ఒకటి తీసి ఊపిరి కోసం ఆగింది. మళ్ళీ ఇంకొకటి తీసింది. ఆమె మొహంలో కోపం లేదు.

"తినవయ్యా, చల్లారిపోద్ది."

తోమా ముద్ద కలిపాడు. ముళ్ళు తీస్తున్న ఆమె వేళ్ళ వంకే చూశాడు. చూసి, ముద్దను కంచంలోనే పెట్టి లేచాడు. చెయ్యి కడుక్కోలేదు, చెప్పులేసుకోలేదు. గడప దాటి, గట్టు మీద దూరమవుతున్న హెప్సిబా వెనకాల పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

కంచంలో అతని వేళ్ళ అచ్చులతో ముద్ద అలాగే ఉంది.