శుక్రవారం కూర్చునేవాళ్లు

ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో నేను చూసింది చూసినట్టు చెబుతాను. పిడుగురాళ్ల పక్కన సున్నపురాయి క్వారీలో రాయి పగలగొట్టే తూటాలు పేలి నలుగురు చనిపోయారు. ఏడుగురు బతికి బయటపడ్డారు. వాళ్లకు కట్లు కట్టడం ఇంకా పూర్తికాలేదు, క్వారీ మేనేజరు ఇంకుప్యాడు పట్టుకుని మంచం మంచానికీ తిరుగుతున్నాడు. ఒక్కొక్కరి చెవి దగ్గర వంగి ఏదో చెప్పడం, బొటనవేలు పట్టుకుని కాగితం మీద అద్దించడం. వాళ్లలో జాన్‌బీ అనే ఆమె వేలు అద్దేటప్పటికి ఆమెకు పూర్తిగా స్పృహ కూడా లేదు. అడ్డం వెళ్లిన నన్ను కానిస్టేబులు గేటు బయటికి నెట్టాడు.

నేను లారీలకు రాయి ఎత్తే ముఠా కార్మికుల సంఘం కార్యదర్శిని. మర్నాడే ధర్నాకు పిలుపిచ్చాను. బతికినవాళ్లలో ఒక్కరూ రాలేదు. ఇళ్లకు వెళితే తలుపులు తీయలేదు. అమ్ముడుపోయారనుకున్నాను. ఆ మాట నలుగురిలో అన్నాను కూడా.

మూడు నెలల తర్వాత జాన్‌బీయే సంఘం ఆఫీసుకు వచ్చింది. పదిహేనేళ్లుగా రాళ్లు కొట్టిన మనిషి కుర్చీ అంచున కూర్చుని తలుపు వంకే చూస్తోంది. బయట లారీ గాలి బ్రేకు బుస్సుమనేసరికి బల్ల కిందికి దూరింది. కాసేపటికి తనే బయటికొచ్చి కొంగు సర్దుకుంది.

"ఇదన్నా నా సంగతి. ఇంట్లో కుక్కరు కూత పెట్టినా ఇంతే. తాయెత్తు కట్టించారు, తగ్గలా. నరసరావుపేటలో డాక్టరమ్మ ఇది పిచ్చీ కాదు, గాలీ కాదు అంది. బిళ్లలిచ్చింది. ఇట్టాంటిది పడ్డోళ్లు ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటా ఉంటే తేరుకుంటారంట. అట్టాంటి గ్రూపు యాడుందమ్మా అంటే గుంటూరులో కనుక్కోమంది. పోయా. అది తాగుడు మానేవాళ్లదంట. నువ్వు పది ఊళ్లు తిరుగుతావు గదా, యాడన్నా ఉందా?"

"నాకు తెలిసి లేదు," అన్నాను. "అయినా కూర్చుని ఏడిస్తే ఏమొస్తది? కలెక్టరాఫీసు ముందు కూర్చుందాం రా."

"ఆడికొచ్చి మైకులో నేనేం చెప్పాల? నాకు నోరే రావట్లేదన్నా. ముందు నోరు రానీయ్."



దొరకని గ్రూపును ఆమే పెట్టుకుంది. లారీలు బాగుచేసే తమ్ముడు అల్తాఫ్ అద్దె షెడ్డులో టార్పాలిన్ పట్టా పరిచింది. శుక్రవారం క్వారీకి సెలవు. మిగతా ఆరుగురి ఇళ్లకూ తిరిగితే ఇద్దరు వచ్చారు. ఒకరు వీరయ్య, పేలుడులో ఎడమచెయ్యి మోచేతి దాకా పోయింది. ఇంకొకరు శాంతమ్మ, ఆమె భర్త ఆమె కళ్లముందే రాళ్లకింద పడి చనిపోయాడు. టీ తెచ్చిపెట్టడానికి నన్నూ రమ్మంది జాన్‌బీ, ఉపన్యాసం చెప్పనంటేనే.

మూడు శుక్రవారాలు ఎవరూ మాట్లాడలేదు. నాలుగోసారి వీరయ్య నోరు తెరిచాడు.

"తప్పు నాదేనమ్మాయ్. పేల్చేముందు సైరన్ మోగింది. నాకు ఇనపళ్లా. ఇనుంటే పక్కనున్న వెంకాయమ్మను లాగేవాణ్ణి, బతికుండేది. కళ్లు మూస్తే ఆమె మొహమే."

శాంతమ్మ తలెత్తింది. "మోగిందని నీకెవరు చెప్పారు బాబాయ్?"

"మేనేజరు. ఆసుపత్రిలో. అందరూ ఇని పరిగెత్తారంట, నేనొక్కణ్ణే నిలబడిపోయానంట."

"నాకూ ఆయనే చెప్పాడు. మా ఆయన ఇన్నాడంట, ఇనపడని నాకోసం ఆగి చచ్చిపోయాడంట. ఇన్నాళ్లూ మా అత్త మొహంలోకి చూళ్లా నేను."

జాన్‌బీ గొంతు సన్నగా వచ్చింది. "నాకూ ఇనపళ్లా శాంతక్కా."



"ముగ్గురి చెవులూ ఒక్కసారే పోయినయ్యా?" అన్నాడు వీరయ్య.

ఆ సాయంత్రమే మిగతా నలుగురి తలుపులూ తట్టాం. నలుగురూ అదే చెప్పారు. సైరన్ మోగలేదు. తప్పు తమదేనని ఏడుగురు ఏడు ఇళ్లలో విడివిడిగా కుళ్లిపోయారు. తలుపులు ఎందుకు తీయలేదో నాకప్పుడు తెలిసింది. వాళ్లను అమ్ముడుపోయారన్న నోటితోనే క్షమించమని అడిగాను.

ఆసుపత్రిలో వేలిముద్ర వేయించుకున్న కాగితం అబద్ధమని ఏడుగురూ కలిసి కొత్త వాంగ్మూలం రాయించి స్టేషనులో ఇచ్చారు. ఆ వారం నుంచే షెడ్డు ఎదుట ఒక బైకు ఆగడం మొదలైంది. మీద ఇద్దరు. దిగరు, మాట్లాడరు. వచ్చేపోయేవాళ్లను ఫోనులో తీస్తారు. అయినా వేరే క్వారీల వాళ్లూ, సున్నపు బట్టీల వాళ్లూ ఒకరొకరే వచ్చి పట్టా మీద కూర్చునేవాళ్లు.

ఒక శుక్రవారం మేనేజరే వచ్చాడు.

"ఏందమ్మా ఈ భజన? మతి తప్పినోళ్లని డాక్టరు చీటీలే చెబుతున్నయ్. మీ సాక్ష్యం ఏ కోర్టు నమ్ముద్ది?" అందరి మొహాలూ నెమ్మదిగా చూశాడు. "మీ ఇళ్లల్లో వాళ్లు ఇంకా క్వారీలోకి దిగుతున్నారు. అది కూడా అనుకోండి."

జాన్‌బీ పట్టా మీంచి లేవలేదు. "అనుకునే కూర్చున్నాం సారూ. దిగేవాళ్ల కోసమే."

మరుసటి వారం షెడ్డుకు దాని యజమాని తాళం వేసేశాడు. అల్తాఫ్ పానాలు, జాకీలు రోడ్డు మీద విసిరేసి ఉన్నాయి. జాన్‌బీ వాటిని పక్కకు జరిపి ఎండలోనే పట్టా పరిచింది. అరగంటలో పోలీసు జీపు వచ్చింది. అనుమతి లేకుండా గుంపు కట్టిందని ఎస్సై ఆమెను ఎక్కించాడు. తలుపు దడాలున పడేసరికి ఆమె చెవులు మూసుకుని ముడుచుకుపోయింది. శాంతమ్మ వెనక తలుపు తీసుకుని ఎక్కి ఆమె పక్కన కూర్చుంది.

"నీ పేరు లేదు, దిగు," అన్నాడు ఎస్సై.

"లేకపోతే రాసుకోండి."

మేం నడిచి స్టేషనుకు చేరేసరికి ముప్పైమందిమి. బట్టీల నుంచి ఇంకా వస్తూనే ఉన్నారు, ఒంటి మీద సున్నం కడుక్కోకుండానే. నేను నినాదం ఎత్తబోయాను. వీరయ్య ఉన్న చేత్తో నా భుజం నొక్కాడు. "ఆగు. కూర్చో."

అందరం గేటు ముందు నేల మీద కూర్చున్నాం. ఎస్సై బయటికొచ్చాడు. ఆయన వెనక లాఠీలు వరుసగా నిలబడ్డాయి.

"ఆమెను వదిలేది లేదు. ఐదు నిమిషాల్లో లేవకపోతే మర్యాద ఉండదు."

దాచేపల్లి వైపు క్వారీలో పనిచేసే రాజమ్మ, అంతకుముందు ఎన్నడూ షెడ్డుకు రాని మనిషి, ముందుకు జరిగింది.

"మా ఆయన క్వారీలో పోయి ఆరేళ్లు," అంది. "ఆ రోజు ఏం జరిగిందో ఇంతవరకూ ఎవురికీ చెప్పలా. ఇప్పుడు చెబుతా. ఇనండి."

లాఠీలు మెట్లు దిగాయి. రాజమ్మ ఆ రోజు పొద్దున తను కట్టిచ్చిన సద్దిమూట దగ్గర మొదలుపెట్టింది. ఎవరూ లేవలేదు. తర్వాత తనదీ చెప్పడానికి ఇంకొకామె ఆమె పక్కకు జరిగి కూర్చుంది.