హిల్లె ఇంటి గోడలో కంత

ఇటు జరుగు నీన్కె, ఆ కుర్చీ దగ్గరికి లాక్కో. కాఫీ చల్లారితే చల్లారనీ, మళ్ళీ కాస్తాను. కొత్త ఇంట్లో గ్యాసు తీయించేసి హీట్ పంపు పెట్టిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. మంచి పనే. వద్దనడానికి పిలవలేదు నిన్ను. కానీ పనివాళ్ళు నీ గుమ్మం తొక్కేలోగా పక్కింటి హిల్లె సంగతి నీ చెవిన వేయాలి. సగం సగం విని ఉంటావు. నా వంతు సగం ఎవరూ నీకు చెప్పి ఉండరు.

మా ఊరి కింద గ్యాసు ఉండేదని నీకు తెలుసు. నలభై ఏళ్ళు తోడారు. తోడగా తోడగా నేల కుంగింది, ఇళ్ళు వణికాయి. నా అల్మారాలో పింగాణీ పళ్ళేలు వాటంతటవే గలగలమన్న రోజులు నాకింకా గుర్తే. హిల్లె ఇంటి ముందు గోడ కిటికీ మూల నుంచి నేల దాకా బీటలు వారింది. మూడేళ్ళు దుంగల దన్నుతో నిలబడింది ఆ ఇల్లు. చివరికి గ్యాసు తోడినవాళ్ళే బాగుచేస్తామన్నారు. గోడలు సర్ది, గది వెచ్చబెట్టే పాత గ్యాసు కుంపటి పీకేసి, హీట్ పంపు పెడతామన్నారు.

హిల్లె మొగుడు సీప్కొ ఆ గ్యాసు బావుల దగ్గరే ముప్పై రెండేళ్ళు పనిచేసినవాడు. తమ గోడ పగలగొట్టింది ఆ గ్యాసే అయినా, దాన్ని ఎవరైనా ఒక మాట అంటే ఊరుకునేవాడు కాదు. పంపు అమర్చడానికి వచ్చిన వుబ్బో అనే కుర్రాడు వంటింటి బల్ల మీద బొమ్మ గీసి ఓపిగ్గా చెప్పాడు. బయట పెట్టె ఒకటి ఉంటుంది, చలిగాలిలో కూడా కాస్తో కూస్తో వేడి ఉంటుంది, దాన్ని పిండి లోపలికి పంపుతుంది అని.

"అంటే ఫ్రిజ్‌ని తిరగేసి దాని వీపుకి ఒళ్ళు కాచుకోమంటావు" అన్నాడు సీప్కొ.

"దాదాపు అంతే బాబాయ్."

"మంట కనబడదా?"

"మంటే ఉండదు."

"మంట లేని ఇంట్లో మనిషుంటాడా, బంగాళాదుంపలుంటాయి గానీ!"

హిల్లె నవ్వింది. "నీ మంట ముందు కూర్చున్నా నా పాదాలు ముప్పై ఏళ్ళుగా ఐసుగడ్డలే. ఆ ఫ్రిజ్జేదో రానియ్యి" అంది.

అక్టోబరంతా పని. గోడల మధ్య దూది లాంటిది కూరారు. మూడు పొరల అద్దాల కిటికీలు పెట్టారు. తలుపులకు చుట్టూ రబ్బరు వేశారు. పాత వెనక తలుపు తీసేసి, వేస్తే దానంతటదే గొళ్ళెం పడే కొత్త తలుపు బిగించారు. ఇంట్లో గాలి కదలడానికని వంటింటి కప్పులో ఎప్పుడూ తిరిగే పంకా ఒకటి పెట్టారు. పని అయ్యాక లోపల నిలబడితే సముద్రపు గాలి హోరు వినబడేది కాదు. పుట్టి బుద్ధెరిగాక మా వైపు ఇళ్ళలో గాలి హోరు లేని గదిని నేను చూడలేదు. చెవుల్లో ఎవరో వేళ్ళు పెట్టినట్టుండేది.

అంతా అయింది గానీ పంపు రాలేదు. కొత్త సంవత్సరం దాటాకే వస్తుందన్నారు. అందాకా వాడుకోమని కరెంటు హీటర్లు తెచ్చి, కుంపటి పీకేస్తానన్నాడు వుబ్బో. సీప్కొ కుంపటికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ముందు నీ పెట్టె తీసుకురా. అది పనిచేసిన రోజున దీన్ని నేనే ఎత్తి నీ బండిలో వేస్తాను."

వుబ్బో తల గోక్కున్నాడు. గోడకు, హిల్లె కుర్చీ పక్కన, చీలమండ ఎత్తున గుండ్రంగా కంత తొలిచి, బయటి వైపు ప్లాస్టిక్ జాలీ బిగించాడు. నేను అక్కడే ఉన్నాను, చెప్పుకోవడానికి సాకు లేదు.

"దీన్ని మాత్రం మూయకండి పెద్దమ్మా" అన్నాడు హిల్లెతో. నాకేసి కూడా చూశాడు. "మంట కూడా మనలాగే గాలి పీల్చుకుంటుంది."

విషపు గాలి చేరితే కూతపెట్టే చిన్న పెట్టె కూడా ఇచ్చాడు. సీప్కొ దాన్ని తీసుకెళ్ళి పాకలో మేకుల డబ్బాలో పడేశాడు. "ముప్పై రెండేళ్ళు గ్యాసు వాసన పట్టిన ముక్కు ఇది. దీన్ని మించిన కూత ఏముంటుంది?" అన్నాడు. వాసన లేనిది కూడా ఒకటుంటుందని ఆ ముక్కుకి తెలియదు.

ఇక నా వంతు.

మా వైపు మొదటి పక్కిల్లు అంటే చుట్టరికం కన్నా ఎక్కువ. పుట్టుకకి, చావుకి, జబ్బుకి ముందు పిలిచేది వాళ్ళనే. హిల్లెకి మొదటి పక్కింటిదాన్ని నేను. ఆమె కాళ్ళు చల్లగా ఉంటే చూడాల్సింది నేను. నవంబరులో ఉత్తరపు గాలి మొదలైంది. ఆ కంతలోంచి సన్నగా, కత్తిలా, తిన్నగా ఆమె చీలమండల మీదికి వచ్చేది.

"ఇంత ఖర్చు పెట్టి ఇల్లంతా మూసి, చివర్న నా కాళ్ళ దగ్గర కంత తొలిచి పోయాడే ఫ్రౌకె" అంది.

"గోడ తడి ఆరడానికై ఉంటుందే" అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను, వుబ్బో చెప్పిన మాట అప్పటికి నా తలలో నిలవలేదు. మా అమ్మ, మా అమ్మమ్మ చలికాలం వచ్చిందంటే గుడ్డపేలికలతో, కాగితాలతో సందులు కూరేవాళ్ళు. సందు కనబడితే కూరని ఇల్లాలిని సోమరిదనేవాళ్ళు. గోడలు నెల కిందటే ఆరిపోయాయి కదా అనుకున్నాను. మీ తాతయ్య పాత నీలం స్వెటర్ చేతులు విప్పి, ఆ ఊలుతో గుండ్రటి బిరడా అల్లాను. లోపల దూది కుక్కాను. పోయినవాడి స్వెటర్ ఎవరికో ఒకరికి వెచ్చగా ఉపయోగపడుతుందని సంబరపడ్డాను కూడా. కంతలో పెడితే సీసాకి మూతలా పట్టేసింది.

"నీ చేతులు బంగారమే" అంది హిల్లె.

తర్వాత ఒకటొకటే జరిగాయి. అన్నీ నా కళ్ళ ముందే జరిగాయి.

మొదట కుక్క. వాళ్ళ పిక్ ముసలి కుక్క, కుంపటి ముందు నుంచి లేచేదే కాదు. అది ఇంట్లోకి రావడం మానేసింది. మంచు కురుస్తున్నా గడప బయటే. సీప్కొ మెడపట్టీ పట్టుకుని ఈడిస్తే గోళ్ళు నేలకి దిగేసి మూలిగేది. "కొత్త రబ్బరు కంపు దీనికి పడటం లేదు" అన్నాడు.

తర్వాత కిటికీ. ఆవిరి పట్టదని చెప్పి పెట్టిన అద్దాలు తెల్లగా చెమర్చడం మొదలెట్టాయి. కుంపటి మంట నీలంగా చురుగ్గా ఉండేది, అది పసుపు తిరిగి పొడుగ్గా, బద్ధకంగా ఊగేది. "చూశావా, ఎంత అందంగా ఉందో" అనేవాడు సీప్కొ. దాని గాజు మీద పట్టిన మసిని హిల్లె రోజూ తుడిచేది. మర్నాటికి మళ్ళీ పట్టేది.

తర్వాత తలనొప్పి. పొద్దున పదింటి కాఫీకి మా ఇంటికి వచ్చేది హిల్లె. వస్తూనే కణతలు నొక్కుకునేది. రెండో కప్పు తాగేసరికి మొహం తేటపడేది.

"నీ కాఫీలో ఏం కలుపుతావే? ఇక్కడికొస్తే నా తల ఎగిరిపోతున్నంత తేలిగ్గా ఉంటుంది."

"చాడీలు కలుపుతాను" అన్నాను. ఇద్దరం పడీపడీ నవ్వాం. 

నేను వాళ్ళింట్లో గంట కూర్చుంటే నాకూ తల దిమ్మెక్కేది. కొత్త రంగు వాసన అనుకున్నాను. ఒకరోజు హిల్లె నా కాఫీలో చక్కెరకి బదులు ఉప్పు వేసింది. ఇంకో రోజు, ముప్పై ఏళ్ళుగా పిలుస్తున్న నా పేరు నోటికి రాక, నా మొహంలోకి చూస్తూ అలా నిలబడిపోయింది. వయసు అనుకున్నాం. అన్నిటికీ ఏదో ఒక పేరు పెట్టుకున్నాం నీన్కె.

జనవరి నడిమిలో కాలువ గడ్డకట్టింది. అయిదేళ్ళ తర్వాత అదే మొదటిసారి. ఊళ్ళో మగాళ్ళందరూ చీపుళ్ళు పట్టుకుని స్కేటింగుకి ఐసు మీద బాట ఊడవడానికి పరుగెత్తారు. ఆ శనివారం తెల్లవారుతూనే సీప్కొ కుంపటి మంట పెద్దది చేసి, కాళ్ళ మీద దుప్పటి కప్పి, హిల్లెని కుర్చీలో కూర్చోబెట్టి, పరదా తీసి వెళ్ళిపోయాడు. వెనక తలుపు గొళ్ళెం దానంతటదే పడిపోయింది. తాళంచెవి అతని జేబులో ఉంది.

మా వైపు పగలు ముందు కిటికీకి పరదా వేయరు. దారిన పోతూ లోపల కూర్చున్న మనిషికి చెయ్యి ఊపి పోవడం మా అలవాటు. తొమ్మిదింటికి నేను చెయ్యి ఊపడానికి వాళ్ళ కిటికీ ముందు నిలబడ్డాను. పరదా తీసే ఉంది. కానీ అద్దం పాలు పోసినట్టు తెల్లగా ఉంది. వెనక పసుపు మరక ఒకటి ఊగుతోంది. మనిషి కనబడలేదు. నీళ్ళు ధారలుగా అద్దం వెంట కారుతున్నాయి.

పిక్ గోడని గోకుతోంది. తలుపుని కాదు, గోడని. జాలీ ఉన్న చోట. దాని గోళ్ళు నెత్తురోడుతున్నాయి.

ఇంటి వెనక తలుపు దగ్గరికి వెళ్ళాను. తట్టే అలవాటు మాకు లేదు, తోసుకుని పోవడమే. తలుపు కదలలేదు. "హిల్లె! ఏయ్ హిల్లె!" పంకా తిరుగుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు.

అప్పుడు వినబడింది వుబ్బో మాట, పక్కన నిలబడి చెప్పినట్టు. మంట కూడా మనలాగే గాలి పీల్చుకుంటుంది.

మళ్ళీ జాలీ దగ్గరికి పరుగెత్తి, కాలి చెక్కచెప్పు ఊడదీసి దాని మడమతో కొట్టాను. మూడో దెబ్బకి పగిలింది. లోపల నా నీలం ఊలు కనబడింది. చిక్కుడు పందిరి కర్ర లాగి పొడిచాను. రాదే! ఎంత గట్టిగా అల్లానో అంత గట్టిగా పట్టుకుంది. ఒళ్ళంతా కర్ర మీద మోపి నెట్టాను. ఉస్సుమని గాలి లోపలికి పోయింది, ఇల్లు అప్పటిదాకా ఊపిరి బిగబట్టి ఉన్నట్టు.

ఒక కాలికి చెప్పు, ఒక కాలికి మేజోడు. అలాగే కాలువ గట్టుకి పడుతూ లేస్తూ పోయి అరిచాను. ఐసు మీద కేక దూరం పోతుంది. అందరి చీపుళ్ళూ ఒకేసారి ఆగిపోయాయి.

సీప్కొ తలుపు తీసి, నోరు ముక్కు మూసుకుని లోపలికి దూకాడు. కుర్చీతో సహా ఆమెని వెనక తలుపు దాకా ఈడ్చి, అక్కడ తానే మోకాళ్ళ మీద కూలాడు. హిల్లె బుగ్గలు చిన్నపిల్ల బుగ్గల్లా ఎర్రగా ఉన్నాయి. అంత ఆరోగ్యంగా కనబడే మనిషి ఎందుకు కళ్ళు తెరవదో నాకు అర్థం కాలేదు.

వెనక తలుపు దగ్గరి ఇరుకు నడవాలో అంబులెన్సు వాళ్ళ మంచం తిరగలేదు. "ముందు తలుపు తెరవండి" అన్నారు. నీకు తెలుసుగా, మా ఊళ్ళో ముందు తలుపు రెండిటికే. పెళ్ళికూతురు లోపలికి రావడానికి, శవపేటిక బయటికి పోవడానికి. ఇల్లు బాగుచేశాక ముందు తలుపు తెరవడం అదే మొదటిసారి. హిల్లెని దాంట్లోంచి మోసుకు వస్తుంటే వీధిలో మగాళ్ళు టోపీలు తీసేశారు. "పెట్టుకోండిరా! ఇంకా బతికే ఉంది!" అని అరిచాను. ఒక్కడూ పెట్టుకోలేదు.

సాయంత్రం వుబ్బో మా వంటింట్లో కూర్చున్నాడు. ఆ బిరడా బల్ల మీద పెట్టాడు.

"ఇది ఎవరిది పెద్దమ్మా?"

"నాదే బాబూ."

బిరడాని వేళ్ళతో ఒత్తి చూశాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. పంకా ఇంట్లో గాలిని బయటికి లాగుతూనే ఉంటుంది. కంత మూసేస్తే బదులు గాలి పొగగొట్టం ఒక్కదాంట్లోంచే రావాలి. గాలితో పాటు మంట విడిచిన ఊపిరి కూడా వెనక్కి దిగుతుంది. సీప్కొ రోజంతా బయట తిరిగే మనిషి, హిల్లె కుర్చీ వదలని మనిషి. "కుంపటి మొదటి రోజే పీకేయాల్సింది, నేను ఆయన మాట వినకుండా ఉండాల్సింది" అని కళ్ళు తుడుచుకున్నాడు.

హిల్లె బతికింది. ఆరు వారాల తర్వాత వెనక తలుపులోంచి ఇంటికి వచ్చింది. పంపు అప్పటికే పెట్టారు. ఇల్లంతా ఒకే తీరు వెచ్చదనం, ఆమె పాదాలు కూడా. కుంపటిని సీప్కొ అన్నమాట ప్రకారం తన చేతులతో మోసి బండిలో వేశాడు. కంత పూడ్చి సున్నం కొట్టారు. కానీ ఆ విషం హిల్లె తలలో ఎక్కడో కూర్చుండిపోయింది. చిన్ననాటివన్నీ చెబుతుంది. నిన్నటిది నిలవదు.

మంగళవారం మంగళవారం నేను వెళ్ళి కూర్చుంటాను. గోడ మీద ఆ గుండ్రటి మచ్చని వేలితో తడుముతుంది.

"ఇక్కడ కంత ఉండేది కదే ఫ్రౌకె. ఎవరు మూశారు?"

"నేనే హిల్లె."

మొదటిసారి విన్నప్పుడు నా చెయ్యి పట్టుకుని, "పోనీలేవే, నా కాళ్ళ కోసమేగా" అంది. ఇంటికి వచ్చి ఆ రోజు కడుపునిండా తిన్నాను. మళ్ళీ మంగళవారానికి అడిగింది, ఎవరు మూశారని. నన్ను క్షమించిన సంగతి కూడా ఆమెకి నిలవలేదు. ఆరేళ్ళుగా అడుగుతూనే ఉంది, నేను చెబుతూనే ఉన్నాను. ఒక్కోసారి పోనీలే అంటుంది. ఒక్కోసారి చెయ్యి వెనక్కి లాక్కుని గోడకేసి తిరిగి కూర్చుంటుంది. వెళ్ళేముందు ఏది వస్తుందో నాకు తెలియదు. బయట పంపు మాత్రం రొద పెడుతూనే ఉంటుంది.

కాబట్టి విను. ముందు మంటని ఇంట్లోంచి పంపేయి, ఆ తర్వాతే సందులు మూయించు. మధ్యలో ఒక్క వారమైనా రెండూ కలిసి ఉండనివ్వకు. ఆ కూతపెట్టే పెట్టె మేకుల డబ్బాలో కాదు, గోడ మీద ఉండాలి. ఇది నీ ఒక్కదానితో ఆగకూడదు. నీ మొదటి పక్కింటివాళ్ళకి చెప్పు, వాళ్ళ పక్కవాళ్ళకి చెప్పమను. చెప్పేటప్పుడు ఎవరో మూశారట అనొద్దు. మా అమ్మమ్మ ఫ్రౌకె మూసింది, నీలం ఊలుతో అల్లి మరీ మూసింది అని నా పేరు పెట్టి చెప్పు. హిల్లె జ్ఞాపకం పెట్టుకోలేదు. నాకా, ఎనభై రెండు దాటాయి. నువ్వు గుర్తు పెట్టుకో తల్లీ.