నోలాకి మల్బరీ ఆకు

అమెరికాలోని ట్రాయ్‌లో ఇల్లు కొన్న రెండో వేసవిలో, పెరట్లోని మల్బరీ చెట్టు కొట్టించేద్దామన్నాడు శశికాంత్. పళ్ళు రాలి ఇంటి వెనక చెక్క డెక్ అంతా ఊదా మరకలు. కొట్టడానికొచ్చినతను చెట్టు చూసి, "ఈ కొమ్మలు జూవాళ్ళు తీసుకుంటారు, ఫోన్ చేసి చూడండి" అన్నాడు.

"ఏ జంతువుకి?" అంది అతని భార్య ఉమామహేశ్వరి. ఆమెది హిందూపురం దగ్గర పల్లె. మల్బరీ ఆకు పట్టుపురుగులకు వేస్తారనే ఆమెకు తెలుసు.

మర్నాడు జూ నుంచి కేథీ అనే ఆవిడ కొమ్మల కత్తెరతో వచ్చింది. ఫోన్‌లో ఫొటో చూపించింది. ఇటుక రంగు బొచ్చు, పసుపుపచ్చ తోక, ఎలుగు పిల్లలాంటి మొహం.

"ట్రీ కంగారూ. పేరు నోలా. న్యూగినీ కొండ అడవుల్లో ఇవి రెండున్నర వేలకు మించి లేవంటారు. దీని సంచిలో పిల్ల ఉంది. ఎల్మ్ చెట్టు ఆకు పెడితే మొహం తిప్పేసుకుంటోంది."

"కంగారూ చెట్టెక్కుతుందా?"

"ఎక్కుతుంది. దిగేటప్పుడు తోక ముందు పెట్టి వెనక్కి దిగుతుంది."

ఉమ నవ్వింది. కేథీ ఒక కొమ్మ వంచి, "మందేమైనా కొట్టారా?" అని అడిగింది.

"లేదు" అంది ఉమ.

శశికాంత్ ఉమ వైపు తిరిగాడు. "ఏప్రిల్‌లో స్ప్రే చేశాను. పురుగు పట్టిందని. నీకు చెప్పలేదు."

కేథీ కొమ్మ వదిలేసింది. "అయితే ఈ ఏడు వద్దు."

ఉమ బతిమాలలేదు. పక్క చేలో కొట్టిన మందు గాలికి వచ్చి పడితే, అమ్మమ్మ తట్టల్లో పట్టుపురుగులన్నీ ఒక్కరోజులో చావడం ఆమె కళ్ళారా చూసింది. కేథీ వెళ్ళాక, "ఒక్క ఏడాది ఆగుదాం. డెక్ నేను కడుగుతాను" అంది. శశికాంత్ తలూపాడు.

ఆ శనివారం ఉమ ఒక్కతే జూకి వెళ్ళింది. రెండు గంటలు నిలబడితే కొమ్మ మీంచి వేలాడే తోక తప్ప ఏమీ కనపడలేదు. మళ్ళీ వెళ్ళింది. మూడోసారి నోలా పొట్ట దానంతటదే కదిలింది. పిల్ల పుట్టినప్పుడు ఎంతుంటుందని కేథీని అడిగింది.

"చిక్కుడు గింజంత. కళ్ళు కూడా తెరవదు. తనే పాక్కుంటూ సంచిలోకి చేరుతుంది."

"దారి ఎలా తెలుస్తుంది?"

"వాసనని బట్టేమో అనుకుంటాం. ఖాయంగా ఎవరికీ తెలీదు."

మరుసటి జూన్‌లో కేథీ కొమ్మలు కోసుకెళ్ళింది. ఈసారి శశికాంత్ కూడా చూడ్డానికి వచ్చాడు. నోలా ఆకు నముల్తుంటే, సంచి వదిలి బయట తిరుగుతున్న పిల్ల తల్లి నోటి దగ్గర మూతిపెట్టి వాసన చూసింది. సగం ఆకు లాక్కుని కింద పడేసింది. ఇంకోటి లాక్కుని తినేసింది.

"ఆడపిల్ల. పెద్దయ్యాక వేరే జూకి పంపుతాం, తగిన మగది ఎక్కడుంటే అక్కడికి" అంది కేథీ.

"అక్కడ ఏం తింటుందో కనుక్కుని నాకు చెప్పండి" అంది ఉమ.